వాపు తగ్గింది, గుంట మాత్రం పెరిగింది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కీళ్లవాతం గురించే. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట. నేను మందులు రాసే డాక్టర్ని కాదు, పాథాలజిస్ట్‌ని. ఆపరేషన్‌లో తీసిన కీళ్ల ముక్కలు నా బల్ల మీదికి వస్తాయి. వాటిని పల్చగా కోయించి, రంగులు వేయించి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి రిపోర్టు రాస్తాను. రోగి మొహం నాకు తెలియదు, ముక్క మాత్రమే తెలుసు. కాబట్టి ఏ మాత్ర వేసుకోవాలో నన్ను అడక్కండి. లోపల ఏం జరుగుతోందో అడగండి, అది చెప్పగలను.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మూడేళ్లుగా కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉంది. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటాను. ఏడాదిగా చేతుల వాపు దాదాపు లేదు, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం కూడా తగ్గింది. బాగానే ఉంది కదా అని మధ్యలో కొన్ని వారాలు మందు మానేశాను కూడా. ఇప్పుడు ఎక్స్‌రే తీస్తే చూపుడువేలు, మధ్యవేలు మెటికల దగ్గర ఎముకలో గుంటలున్నాయని, నిరుటికంటే పెరిగాయని రాశారు. కాల్షియం మాత్ర మాత్రం మూడేళ్లలో ఒక్కరోజు కూడా మానలేదు. మా డాక్టరుగారు "మీ రోగనిరోధక కణాలే ఎముకను తినేస్తున్నాయి" అన్నారు. కంచే చేను మేయడం అంటే ఇదేనా? అసలు ఆ తినే కణాలు ఎవరికైనా కనిపిస్తాయా?

జవాబు: కనిపిస్తాయమ్మా, చాలా స్పష్టంగా కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

ఎముకను ఉన్నది ఉన్నట్టు పల్చగా కోయలేం, బ్లేడు విరుగుతుంది. ముందు దాన్ని యాసిడ్‌లో నానబెట్టాలి. అందులోని ఖనిజమంతా కరిగి, ముక్క రబ్బరులా వంగేదాకా ఆగాలి. గట్టి ఎముకైతే రోజులు పడుతుంది. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక వేలి కీలు ముక్కను డబ్బాలో వేసి, ఇంకా మెత్తబడలేదేమో అని భయపడి అవసరానికి మించి ఉంచేశాను. అలా చేస్తే కణాల కేంద్రకాలకు రంగు సరిగా పట్టదు. మా మేడమ్ బాగా చీవాట్లు పెట్టారు. రెండో ముక్క జాగ్రత్తగా చేసి తీసుకెళ్తే, ఆవిడ లెన్స్ తిప్పి ఒక చోట ఆపి చూడమన్నారు. ఎముక అంచు నున్నగా లేదు, ఎవరో వరసగా కొరికినట్టు ఉంది. ఒక్కో గాటులో ఒక్కో పెద్ద కణం కూర్చుని ఉంది. మామూలు కణానికి కేంద్రకం ఒకటే. వీటిలో ఒక్కోదానికి అయిదారు, కొన్నింటికి అంతకంటే ఎక్కువ. "ఇవేం చేస్తున్నాయి మేడమ్?" అని అడిగాను. "నువ్వు డబ్బాలో చేసిన పనే. కాకపోతే నీకంటే నీటుగా" అన్నారు.

అవి ఆస్టియోక్లాస్టులు. ఆవిడ అన్నది ఎగతాళికే అయినా అక్షరాలా నిజం. ఆస్టియోక్లాస్ట్ ఎముకకు అతుక్కుని, అంచు చుట్టూ గాలి చొరకుండా బిగించుకుని, ఆ మూసిన చోటులోకి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వదులుతుంది. ఖనిజం కరిగిపోతుంది. మిగిలిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల్ని కెథెప్సిన్-కె అనే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. ఒక గుంట అయ్యాక పక్కకు జరిగి ఇంకొకటి మొదలుపెడుతుంది.

దీన్ని దుర్మార్గపు కణం అనుకోకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కూడా అస్థిపంజరంలో సుమారు 10 శాతం ఏటా ఇలాగే కరిగి కొత్తగా కట్టుకుంటుంది. పాతబడి సన్నగా చిట్లిన ఎముకను తీసేసేది ఆస్టియోక్లాస్టే. వెనకాలే ఆస్టియోబ్లాస్టులు వచ్చి ఆ గుంటను పూడుస్తాయి. తీసినంత పూడిస్తే మనకు ఏమీ తెలియదు.

ఇక మీ సామెత. టీ, బీ కణాలు లింఫోసైట్లనే తెల్లకణాలు. ఆస్టియోక్లాస్ట్ టీ కణమూ కాదు, బీ కణమూ కాదు. కానీ పరాయిదీ కాదు. రక్తంలో మోనోసైట్లనే తెల్లకణాలు ఉంటాయి, వాటి నుంచే సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్‌లు వస్తాయి. అదే వంశం నుంచి ఆస్టియోక్లాస్టూ పుడుతుంది. ఏ సంకేతం అందితే ఆ దారి. కాబట్టి ఇక్కడ కంచె నేరుగా చేను మేయలేదు. గొడ్డును తోలుకొచ్చి మేపింది.

ఆ పిలుపుకు ఒక పేరుంది, ర్యాంక్ లిగాండ్. 1997, 98 ప్రాంతాల్లో నాలుగు ల్యాబ్‌లు వేరువేరు దారుల్లో వెళ్లి ఇదే అణువును పట్టుకుని తలో పేరు పెట్టాయి. ఆ నాలుగు పేర్లనూ బట్టీ పట్టి పరీక్ష రాసిన తరం మాది! చివరికి ర్యాంక్ లిగాండ్ నిలబడింది. ఇది మోనోసైట్ వంశపు కణం మీది ర్యాంక్ అనే గ్రాహకానికి తగులుకుంటే, ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి బహుకేంద్రకాల ఆస్టియోక్లాస్ట్ అవుతాయి. మరీ ఎక్కువ కాకుండా శరీరమే ఒక దొంగ గ్రాహకాన్ని కూడా తయారుచేసుకుంది. దాని పేరు ఆస్టియోప్రొటెజెరిన్. అది గాలంలా తేలుతూ ర్యాంక్ లిగాండ్‌ను మధ్యలోనే పట్టేస్తుంది. ఎముక ఎంత కరగాలన్నది చాలావరకు ఈ రెండింటి పాళ్లను బట్టే ఉంటుంది.

మీ మెటికల్లో ఈ పాళ్లు తప్పాయి. కీలు లోపలి పొర, సైనోవియం, మామూలుగా ఒకటి నుంచి మూడు వరసల కణాలు మాత్రమే మందం ఉంటుంది. కీళ్లవాతం ముక్కల్లో అది మడతలు పడి, వేళ్లలా పెరిగి, కార్టిలేజ్ (ఎముక కొనను కప్పే నున్నటి పొర) మీదికి, ఎముక మీదికి పాకుతుంది. లోపల నీలిచుక్కల్లా లింఫోసైట్లు గుంపులుగా కూర్చుని ఉంటాయి. వాటిలోని టీ కణాలు కొన్ని ఐఎల్-17 అనే సంకేత ప్రొటీన్ వదులుతాయి. మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే అలాంటి ప్రొటీన్లే వదులుతాయి. ఇవన్నీ కలిసి ఆ పొరను కట్టే ఫైబ్రోబ్లాస్టులనే కణాల మీద ఒత్తిడి పెడితే, అవి ర్యాంక్ లిగాండ్‌ను విపరీతంగా తయారుచేస్తాయి. మొదట్లో టీ కణాలే స్వయంగా దాన్ని ఇస్తున్నాయని అనుకున్నారు. అవీ ఇస్తాయి, బీ కణాలూ ఇస్తాయి. కానీ కీలులో గుంటల విషయానికొస్తే పెద్ద వాటా ఫైబ్రోబ్లాస్టులదేనని 2016లో ఎలుకల్లో చేసిన పని గట్టిగా చూపించింది. కాబట్టి మీ డాక్టరుగారి మాటలో "తినేస్తున్నాయి" బదులు "తినిపిస్తున్నాయి" అని ఒక్క మాట మారుస్తాను.

గుంటలు మెటికల అంచుల్లోనే ఎందుకు పడ్డాయని మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఎముక కొన మీద కార్టిలేజ్ టోపీలా ఉంటుంది. టోపీ ఆగిపోయే చోటుకూ, కీలు సంచి అతుక్కునే చోటుకూ మధ్య సన్నటి పట్టీలా కొంత ఎముక కప్పు లేకుండా ఉంటుంది. సైనోవియం దాన్ని నేరుగా తాకుతుంది. మొదటి గాటు సాధారణంగా అక్కడే. రేడియాలజిస్టులు ముందు వెతికేదీ అక్కడే.

ఇప్పుడు మీ అసలు బాధకు వద్దాం. వాపు లేదు కదా, మరి గుంట ఎలా పెరిగింది? ఈ రెండూ ఒకే చోట మొదలైనా ఒకటి కాదు. 2001లో ఒక ప్రయోగం జరిగింది. ర్యాంక్ లిగాండ్ జన్యువు తీసేసిన ఎలుకలకు కీళ్లవాతం తెప్పించారు. కీళ్లు వాచాయి, ఎముకకు మాత్రం దాదాపు ఏమీ కాలేదు. ఆస్టియోక్లాస్టులు లేవు, అంతే. మరుసటి ఏడాది, టీఎన్‌ఎఫ్ అధికంగా తయారయ్యే ఎలుకల్లో ఆస్టియోక్లాస్టులు పుట్టకుండా చేసినా అదే కథ. మనుషుల్లో కూడా దీనికి సాక్ష్యం ఉంది. ర్యాంక్ లిగాండ్‌ను పట్టేసే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తే గుంటలు పెరగడం తగ్గింది. వాపు, నొప్పి, కార్టిలేజ్ అరగడం అలాగే ఉన్నాయి.

వాపు ఉన్నా ఎముక నిలిచే దారి ఉందంటే, వాపు కనపడకపోయినా ఎముక కరిగే దారీ ఉంటుంది. చేత్తో నొక్కితే వాపు లేదనిపించే కీలును అల్ట్రాసౌండ్‌లో చూస్తే లోపలి పొరలో రక్తప్రవాహం ఇంకా పెరిగే ఉండొచ్చు. నా దగ్గరికి వచ్చే ముక్కల్లో కూడా ఇది చూస్తుంటాను. కాగితం మీద "ప్రస్తుతం వాపు లేదు" అని ఉంటుంది, మైక్రోస్కోప్ కింద లింఫోసైట్ల గుంపు ఒకటో రెండో మిగిలే ఉంటాయి. మీరు మందు మానేసిన ఆ కొన్ని వారాలే గుంటకు కారణమని నేను ముక్క చూడకుండా అనలేను. కానీ మెథోట్రెక్సేట్ నొప్పి బిళ్ల కాదు, అది ఆ పిలుపును అణిచే మందు. బాగుందని మానేసే రకం కాదు. ఈ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు మీ డాక్టరుగారికి చెప్పండి. మానేసిన సంగతి దాచకండి. మందు పనిచేయలేదా, అసలు పడలేదా అన్నది ఆయనకు తెలియాలి.

కాల్షియం గురించి ఒక్క మాట. మీ మెటికల్లో సరుకు లేక గుంట పడలేదు. పక్కన ఉన్న ఎముకలో కావలసినంత ఉంది. అక్కడ పూడ్చేవాళ్లను కూడా ఆపేశారు. టీఎన్‌ఎఫ్ ప్రభావంతో డీకేకే-1 అనే ప్రొటీన్ పెరిగి ఆస్టియోబ్లాస్టుల చేతులు కట్టేస్తుంది. 2007లో ఎలుకల్లో ఆ డీకేకే-1ను అడ్డుకుంటే, కరగాల్సిన కీళ్లలో ఏకంగా కొత్త ఎముక మొలకలు వచ్చాయి. మాత్ర మొత్తం ఎముకల కోసం ఇచ్చి ఉంటారు, వేసుకోండి. దాన్నుంచి గుంట పూడటం మాత్రం ఆశించకండి.

ప్రశ్న: నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నాను. టీ కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రొటీన్ వదులుతాయని, అది ఆస్టియోక్లాస్టులను అడ్డుకుంటుందని పుస్తకంలో ఉంది. టీ కణాల వల్లే ఎముక పోతుందని కూడా అదే పుస్తకంలో ఉంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే నాయనా. నీకు వచ్చిన ఈ అనుమానమే కొన్నేళ్లపాటు పెద్దవాళ్లను కూడా తిప్పలు పెట్టింది.

ఈ కథ కీళ్ల దగ్గర మొదలవలేదు, చిగుళ్ల దగ్గర మొదలైంది. 1972లో అమెరికా దంత పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు మనుషుల తెల్లకణాలను రెచ్చగొట్టి, అవి పెరిగిన ద్రవాన్ని ఎలుక పిండం ఎముకల మీద పోశారు. ఎముక కరిగింది. చిగుళ్ల జబ్బులో పళ్ల కింద ఎముక ఎందుకు పోతుందో తెలుసుకోవాలని వాళ్ల ఆరాటం. ఆ ద్రవంలో ఏముందో తేలడానికి పదమూడేళ్లు పట్టింది, ముఖ్యంగా ఐఎల్-1 అని 1985లో చెప్పారు. 1999లో, రెచ్చిన టీ కణాలు ర్యాంక్ లిగాండ్‌ను చూపిస్తాయనీ, ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే కీళ్ల ఎముక నిలిచిందనీ వచ్చింది. సరే, దోషి దొరికాడు అనుకున్నారు. మరుసటి ఏడాది, 2000లో, హిరోషి తకయానగి బృందం అదే టీ కణాలు వదిలే గామా ఇంటర్‌ఫెరాన్, ర్యాంక్ సంకేతాన్ని లోపలికి మోసే ట్రాఫ్-6 అనే ప్రొటీన్‌ను నాశనం చేసి, ఆస్టియోక్లాస్ట్ పుట్టకుండా ఆపుతుందని చూపించింది. నీ పుస్తకంలోని మొదటి వాక్యం అక్కడిదే. ఆ పత్రం మీద రాసిన వ్యాఖ్యలోనే జోసెఫ్ ఆరన్, యోంగ్‌వాన్ చోయి ఈ రంగానికి 'ఆస్టియోఇమ్యునాలజీ' అని పేరు పెట్టారు.

ముడి విడింది 2006లో. టీ కణాలన్నీ ఒకటి కాదు. గామా ఇంటర్‌ఫెరాన్ వదిలే టీహెచ్-1 రకం బ్రేకు వేస్తుంది. ఐఎల్-17 వదిలే టీహెచ్-17 రకం యాక్సిలరేటర్ తొక్కుతుంది. వాచిన కీలులో రెండో రకానిది పైచేయి. ఇంకా చిత్రం ఏమిటంటే, రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టాల్సిన ఫాక్స్‌పీ-3 అనే గుర్తున్న టీ కణాలే కొన్ని కీళ్లవాతంలో ఆ గుర్తు పోగొట్టుకుని టీహెచ్-17గా మారతాయనీ, మామూలు టీహెచ్-17 కంటే అవే ఎక్కువగా ఎముకను కరిగిస్తాయనీ 2014లో ఎలుకల్లో చూశారు. ఇందాకటి అమ్మగారి కంచె సామెత నిజంగా వర్తించేది వీటికి!

అసలు ఎముకకూ రోగనిరోధక శక్తికీ ఒకే అణువు ఎందుకు అని విసుక్కోకు. ర్యాంక్ లిగాండ్ లేని ఎలుకలో ఎముక రాయిలా గట్టిపడిపోతుంది, లింఫ్ గ్రంథులు కూడా ఏర్పడవు. తెల్లకణాలు పుట్టేది ఎముక మజ్జలోనే కదా, ఆ రెండింటి కాపురం ఒకే ఇంట్లో. పరీక్షలో ఈ చివరి వాక్యం రాయకు, మార్కులు రావు.

ప్రశ్న: మా అక్కకు కీళ్లవాతం ఉంది. అనుమానం వచ్చి నేనూ టెస్ట్ చేయించుకుంటే యాంటీ సీసీపీ పాజిటివ్ వచ్చింది. నాకు ఒక్క కీలు కూడా నొప్పి లేదు. నా ఎముకలు ఇప్పటికే కరుగుతున్నాయా అని ఒకటే టెన్షన్.

జవాబు: ముందు ఊపిరి పీల్చుకోండి. యాంటీ సీసీపీ టెస్టు వెతికే ఈ యాంటీబాడీలు జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే రక్తంలో కనిపించవచ్చు. అవి ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు.

మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. సిట్రులినేషన్ అనే మార్పు జరిగిన ప్రొటీన్లను ఈ యాంటీబాడీలు పట్టుకుంటాయి. ఆస్టియోక్లాస్టులు పుట్టే కణాల మీదే అలాంటి ప్రొటీన్ ఉంటుందనీ, యాంటీబాడీ తగిలితే అవి చురుకెక్కుతాయనీ 2012లో ఒక జర్మన్ బృందం చెప్పింది. రెండేళ్ల తర్వాత, నొప్పి లేని పాజిటివ్ వ్యక్తుల మెటికల ఎముక పైపొర కాస్త పల్చగా ఉందని సన్నటి స్కాన్లలో చూశారు. యాంటీబాడీ స్వయంగా ఎంత చేస్తుందనే దాని మీద ల్యాబ్‌ల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. నేనైతే తీర్పు చెప్పే తొందరలో లేను.

మీరు చేయాల్సినవి: సిగరెట్ అలవాటు ఉంటే ఈరోజే మానండి, ఈ యాంటీబాడీలకూ పొగకూ బాగా దగ్గరి సంబంధం ఉంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే దంతవైద్యుణ్ణి కలవండి. రుమటాలజిస్ట్‌కు ఒకసారి చూపించుకోండి. పొద్దున వేళ్లు బిగుసుకుపోవడం అరగంటకు మించి ఉన్నా, మెటికలు వాచినా ఆగకుండా వెళ్లండి. ప్రతి నెలా అదే టెస్ట్ మళ్లీ చేయించుకోవడం మాత్రం దండగ.

ప్రశ్న: నేను కీళ్లవాతానికి రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. ఎముకలు గుల్లబారాయని స్కాన్‌లో వచ్చింది. నేరం జబ్బుదా, మందుదా? మానేయనా?

జవాబు: మీ అంతట మీరు మానేయకండి. ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథి వెంటనే అందుకోలేదు, ప్రాణం మీదికి రావచ్చు.

నేరం ఇద్దరిదీ. జబ్బు అదుపులో లేకపోతే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 రక్తంలో తిరుగుతూ వెన్నెముక, తుంటి ఎముకల్ని కూడా పల్చబరుస్తాయి. స్టెరాయిడ్ ఆ మంటను ఆర్పుతుంది, ఆ మేరకు మేలే. కానీ ఎముకను కట్టే కణాల్ని, ఎముకలో పాతుకుని ఉండే ఆస్టియోసైట్లను చంపుతుంది. నష్టం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా ఉంటుంది. రోజుకు 2.5 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ, మూడు నెలలు దాటి వాడేవారికి ఎముక విరిగే ప్రమాదం ఎంతో లెక్క కట్టాలని అమెరికన్ రుమటాలజీ కాలేజీ సూచన. మీది దాని రెట్టింపు. ఎముకకు రక్షణగా వేరే మందు అవసరమా, స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించే వీలుందా అని డాక్టరును సూటిగా అడగండి. డెనోసుమాబ్ మొదలుపెడితే మాత్రం తర్వాత ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. దాన్ని మధ్యలో వదిలేస్తే ఆస్టియోక్లాస్టులు ఒక్కుమ్మడిగా లేచి, వెన్నుపూసలు విరిగిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు, మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందన్నారు. అదీ రోగనిరోధక కణాల పనేనా?

జవాబు: చాలావరకు కాదు. అది ఆస్టియోఆర్థరైటిస్. కొంచెం వాపు అందులోనూ ఉంటుంది కానీ, అంచుల్లో ఎముక కరగడం కాదు, ముళ్లలా పెరగడం చూస్తాం. ఈ పేజీలోని మందుల సంగతులు మీ అమ్మగారికి పనికిరావు.

ప్రశ్న: ఒకసారి పడిన గుంట మళ్లీ పూడుతుందా? పూడదని ఒకరు, పూడుతుందని ఒకరు చెప్పారు.

జవాబు: జబ్బు పూర్తిగా అణిగితే కొన్ని గుంటలు కొంత పూడతాయి. చాలా వాటిలో జరిగేది ఏమిటంటే, గుంట అడుగున కొత్త ఎముక ఒక పొరలా వేసుకుని అంచు గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో ఆ అంచు తెల్లటి గీతలా కనిపిస్తుంది. చురుగ్గా ఉన్న గుంటకు ఆ గీత ఉండదు, అంచు మసకగా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద తేడా ఇంకా స్పష్టం. మసక గుంటలో బహుకేంద్రకాల కణాలు వరసగా కూర్చుని ఉంటాయి. మానిన గుంటలో అవి ఉండవు, వాటి చోట ఆస్టియోబ్లాస్టులు ఇటుకల వరసలా పేర్చుకుని ఉంటాయి. అలాంటి ముక్కలు నాకు చాలా తక్కువ వస్తాయి. బాగుపడిన కీళ్లను ఎవరూ కోయరు కదా.